మీటరు ముందు నిలబడి నేర్చుకున్న పొదుపు

కిందటి ఏడాది రెండు నెలల పాటు ఒక పనిని ఎంతో పట్టుదలగా చేశాను. రాత్రి పడుకోబోయే ముందు గది గదికీ తిరిగి, గోడలకు వేలాడుతున్న ఫోను చార్జర్లన్నిటినీ ప్లగ్గుల నుంచి ఊడదీసి, ఆ పని చేయని ఇంట్లోవాళ్ళకు మరునాడు పొద్దున్నే ఒక చిన్న ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి. రెండు నెలల తరువాత వచ్చిన కరెంటు బిల్లు అంతకు ముందు వచ్చినట్టే వచ్చింది. ఇంట్లో మనశ్శాంతి మాత్రం కొంత తగ్గింది.

అప్పుడు కాగితం, కలం తీసుకుని కూర్చున్నాను. ఫోను తగిలించకుండా ఊరికే ప్లగ్గులో ఉన్న ఈనాటి మంచి చార్జరు తీసుకునే కరెంటు ఒక వాటులో పదోవంతు మాత్రమే. ఏడాది పొడవునా, రాత్రింబవళ్ళు అలాగే వదిలేసినా అది ఒక యూనిట్‌కు చేరదు. అదే గీజరులో 15 లీటర్ల నీళ్ళను 25 డిగ్రీల నుంచి 75 డిగ్రీలకు ఒక్కసారి వేడి చేయడానికి దాదాపు 0.87 యూనిట్లు పడుతుంది. అంటే, స్నానానికని గీజరు వేసి, ఫోను రావడంతో మాటల్లో పడి, ఆ నీళ్ళను చల్లారనిచ్చిన ఒకే ఒక్క ఉదయం, నేను ఒక చార్జరును ఏడాదంతా ఊడదీసి మిగిల్చిన కరెంటును మింగేస్తుంది. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఏమిటో ఆ లెక్క చూశాక నాకు బాగా అర్థమైంది.

అప్పటి నుంచి ఇంటి పొదుపు గురించి నా ఆలోచన మారింది. మనం పొదుపు చేస్తున్నామని తృప్తిపడే చోట ఖర్చు ఉండదు, ఖర్చు ఉన్న చోట మన చూపు ఉండదు. కంటికి కనబడేవి, చేతికి అందేవి, మరొకరిని మందలించడానికి వీలుగా ఉండేవి మనకు దుబారాగా తోస్తాయి. వెలుగుతున్న దీపం కనిపిస్తుంది కాబట్టి దానిని ఆర్పేస్తాం. వేడెక్కుతున్న నీళ్ళు, లోపల్లోపలే కారిపోతున్న ఫ్లష్ ట్యాంకు, అలమరలో పురుగు పడుతున్న పిండి కనిపించవు.

కనిపించని దానిని చూడాలంటే కొలవాలి. అందుకు నేను చేసిన మొదటి పని చాలా తేలికైనది. ఒక రాత్రి ఫ్రిజ్ సహా ఇంట్లో అన్నిటినీ ఆపేసి, టార్చి పట్టుకుని మీటరు ముందు నిలబడ్డాను. డిజిటల్ మీటరు మీద ఒక చిన్న ఎర్ర దీపం మిణుకుమంటూ ఉంటుంది. ఎన్ని మిణుకులకు ఒక యూనిట్ అవుతుందో మీటరు మీదే అచ్చువేసి ఉంటుంది. మా మీటరు మీద 3200 అని ఉంది. అన్నీ ఆపేశాను కాబట్టి దీపం మిణుకుమనకూడదు. కానీ అది 25 సెకన్లకు ఒకసారి చొప్పున, నన్ను వెక్కిరిస్తున్నట్టుగా, మిణుకుమంటూనే ఉంది. లెక్క వేస్తే 45 వాట్లు తేలింది. అంటే ఇంట్లో అందరూ నిద్రపోతున్నా, ఏ పనీ జరగకపోయినా, రోజుకు ఒక యూనిట్‌కు పైగా, ఏడాదికి దాదాపు 394 యూనిట్లు పోతున్నాయన్నమాట. ఆ దొంగలను ఒక్కొక్కటిగా ప్లగ్గు తీస్తూ పట్టుకున్నాను. టీవీని రిమోటుతో ఆపినా దాని పక్కన ఉన్న సెట్‌టాప్ బాక్సు ఆగదు, మెలకువగానే ఉంటుంది. ఎప్పుడో పండగకో పబ్బానికో వాడే పాత పాటల యాంప్లిఫయరు స్టాండ్‌బైలో వెచ్చగా కూర్చుని ఉంది. చేత్తో తాకినప్పుడు వెచ్చగా తగిలే పెట్టె ఏదైనా సరే, కరెంటు తింటున్నట్టే లెక్క. ఆ రెండింటినీ మరో రెండు పరికరాలతో కలిపి స్విచ్చి ఉన్న ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తగిలించాను. ఇప్పుడు పడుకునే ముందు ఆ ఒక్క స్విచ్చి నొక్కితే చాలు. మీటరు మిణుకు 75 సెకన్లకు ఒకటిగా తగ్గింది. మిగిలిన 15 వాట్లు రౌటరువీ, తలుపు గంటవీ, ఇంకా నేను పట్టుకోలేకపోయిన మరేదో పరికరానివీ.

ఇంట్లో ఏది ఎక్కువ తింటుందో గుర్తుపట్టడానికి కొండగుర్తు ఒకటుంది. వేడి పుట్టించేదీ, చల్లదనం పుట్టించేదీ ఎక్కువ తింటాయి. వెలుగునిచ్చేవీ, మాట్లాడేవీ, గాలిని కదిపేవీ తక్కువ తింటాయి. గీజరు, ఇస్త్రీపెట్టె, ఏసీ, ఫ్రిజ్, వేడినీళ్ళతో తిరిగే వాషింగ్ మెషీను మొదటి జాబితాలోకి వస్తాయి. వాషింగ్ మెషీను డ్రమ్మును తిప్పడానికి అయ్యే కరెంటు కంటే నీళ్ళను వేడి చేయడానికి అయ్యేది చాలా ఎక్కువ. మామూలు మట్టి, చెమట అయితే చల్లటి నీళ్ళకే వదులుతాయి. ఫ్యాను విషయంలో నాకు ఒక పొరపాటు అభిప్రాయం ఉండేది. ఫ్యాను గదిని చల్లబరుస్తుందని అనుకునేవాణ్ణి. నిజానికి అది చల్లబరిచేది మనిషిని. చర్మం మీది చెమటను ఆరబెట్టి ఒంటికి చల్లగా అనిపించేలా చేస్తుందే తప్ప గది వేడిని ఒక్క డిగ్రీ కూడా తగ్గించదు. మనిషి లేని గదిలో తిరిగే ఫ్యాను ఎవరికీ పనికిరాదు. మనిషి ఉన్న గదిలో మాత్రం అది తిరుగుతూ ఉంటే ఏసీని రెండు డిగ్రీలు ఎక్కువకు పెట్టుకున్నా హాయిగానే ఉంటుంది.

ఇక వంటింటి సంగతి చెప్పాలి. ఇక్కడే నేను అన్నిటికంటే ఎక్కువ నేర్చుకున్నాను. నేర్పింది మా అమ్మ.

ఒక ఆదివారం నాడు గింజలు ఉడకబెట్టే పని నా మీద పడింది. గిన్నె నిండా నీళ్ళు పోసి, మూత లేకుండా పొయ్యి మీద పెట్టి, మంట పూర్తిగా పెంచి, త్వరగా ఉడుకుతాయని పక్కనే నిలబడి చూస్తున్నాను. నీళ్ళు కళపెళ మరుగుతున్నాయి, ఆవిరి వంటింటి కిటికీ అద్దాన్ని కప్పేసింది. మంట గిన్నె అడుగును దాటి అంచుల వెంబడి పైకి లేస్తోంది. అమ్మ లోపలికి వచ్చి, ఏమీ అనకుండా మంటను సగానికి పైగా తగ్గించి, గిన్నె మీద మూత పెట్టి, "ఒరేయ్, మరిగే నీళ్ళకు ఎంత మంట పెట్టినా అవి మరిగే నీళ్ళే. నువ్వు వండుతున్నది గింజలని కాదురా, ఆవిరిని" అంది.

ఆ మాటలో ఎంత భౌతికశాస్త్రం ఉందో తరువాత లెక్క వేస్తే తెలిసింది. మామూలు గాలి ఒత్తిడిలో నీళ్ళు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. ఆ తరువాత మంట ఎంత పెంచినా నీటి వేడి పెరగదు, ఆవిరి పెరుగుతుంది. ఒక లీటరు నీటిని 25 డిగ్రీల నుంచి మరిగే దాకా తేవడానికి సుమారు 315 కిలోజౌళ్ళ శక్తి కావాలి. అదే లీటరు నీటిని పూర్తిగా ఆవిరి చేయడానికి సుమారు 2260 కిలోజౌళ్ళు, అంటే దాదాపు ఏడు రెట్లు కావాలి. మూత తీసి పెద్ద మంట మీద ఉడకబెట్టేవాడు ఆ ఏడు రెట్ల లెక్కకు డబ్బు కడుతున్నాడు, గింజలేమో సన్నమంట మీద ఉడికేంత వేగంగానే ఉడుకుతున్నాయి. ప్రెషర్ కుక్కర్ ఇందుకు సరిగ్గా వ్యతిరేకం. ఆవిరిని లోపలే బంధించడం వల్ల ఒత్తిడి పెరిగి, నీళ్ళు సుమారు 120 డిగ్రీల దాకా మరగకుండా ఉంటాయి, అందుకే అందులో వంట అంత త్వరగా అవుతుంది. అయితే మొదటి విజిల్ వచ్చాక కూడా మంటను అలాగే ఉంచి, విజిళ్ళ మీద విజిళ్ళు వేయించడమంటే కష్టపడి బంధించిన ఆవిరిని మళ్ళీ గాలిలోకి వదిలేయడమే. ఒత్తిడి నిలబడేంత సన్నమంట చాలు.

ఈ ఒక్క గిన్నె నుంచి వంటింట్లో చాలా అలవాట్లు పుట్టుకొచ్చాయి. ఎండు గింజలను ముందు రోజు రాత్రే నానబెడుతున్నాం, నానడానికి డబ్బు అక్కర్లేదు కదా. మంట గిన్నె అడుగును దాటకుండా చూస్తున్నాం. రెండు కప్పుల వేడినీళ్ళు కావాలంటే కెటిల్ నిండా పట్టకుండా ఆ రెండు కప్పులే కొలిచి పోస్తున్నాం. పొయ్యి మంట నీలంగా కాక పసుపుపచ్చగా వస్తూ గిన్నెలకు మసి పడుతుంటే, బర్నరు రంధ్రాలు మూసుకుపోయి గ్యాస్ సరిగా కాలడం లేదని అర్థం. ఒక పాత టూత్‌బ్రష్షు, ఒక పిన్నీసు, పది నిమిషాల ఓపిక ఉంటే అది బాగవుతుంది. నేనైతే దానిని ఏడాది పాటు బాగుచేయలేదు, ఆ ఏడాదంతా గిన్నెలు తోమడానికి పట్టిన సబ్బు ఎంతో నాకు తెలియదు.

ఫ్రిజ్‌లో పోయే డబ్బు కరెంటు రూపంలో కంటే పారేసిన తిండి రూపంలో ఎక్కువ. ఒక నెల పాటు చెత్తబుట్టలో పడేసిన ప్రతి తినుబండారాన్నీ, ఎందుకు పడేయాల్సి వచ్చిందో ఒక మాటతో సహా, ఒక పుస్తకంలో రాశాం. సిగ్గుపడుతూ రాయాల్సిన పుస్తకం అది. వండడం చెడి పారేసింది దాదాపు ఏమీ లేదు. "కనబడలేదు", "మరచిపోయాం", "వెనక్కి వెళ్ళిపోయింది" అన్న మాటలే పేజీల నిండా ఉన్నాయి. ఫ్రిజ్ లోతుగా ఉన్న కొద్దీ వెనక అరలో ఒక శ్మశానం ఏర్పడుతుంది. మూత తీస్తే తప్ప లోపల ఏముందో తెలియని స్టీలు డబ్బాలు అక్కడికి చేరి, తమ వంతు వచ్చేదాకా నిరీక్షిస్తాయి. మేము చేసిన మార్పు ఒక్కటే. కంటి ఎత్తులో ఉన్న అరను ఖాళీ చేసి, అది "ముందు తినవలసినవి" ఉంచే చోటు అని నిర్ణయించుకుని, మిగిలిపోయిన వంటలను గాజు సీసాల్లోనూ లోపలిది కనిపించే డబ్బాల్లోనూ పెట్టి అక్కడే ఉంచుతున్నాం. కొత్తగా కొన్నవి వెనక్కి, పాతవి ముందుకు వస్తాయి. దుకాణాల వాళ్ళు సరుకు సర్దే పద్ధతి ఇదే.

ఆకుకూరలు రెండు రోజుల్లో పండిపోవడానికి కారణం కూడా ఆ పుస్తకం వల్లే తెలిసింది. అరటిపండ్లు, ఆపిళ్ళు, టమాటాలు పండుతున్నప్పుడు ఇథిలీన్ అనే వాయువును వదులుతాయి. పక్కన ఉన్న ఆకులను అది త్వరగా పసుపుపచ్చగా మారుస్తుంది. రెంటినీ ఒకే అరలో సర్దే అలవాటు మానుకున్నాక ఆకులు మరి నాలుగు రోజులు పచ్చగా ఉంటున్నాయి. పొట్లాల మీది తేదీల విషయంలో కూడా కొంత తెలుసుకున్నాం. ఫలానా తేదీలోగా వాడితే శ్రేష్ఠం అన్నది రుచికీ నాణ్యతకూ సంబంధించినది, ఆ తేదీ దాటిన మరుక్షణం బిస్కెట్టు విషం కాదు. ఫలానా తేదీలోగా వాడి తీరాలి అన్నది ఆరోగ్యానికి సంబంధించినది, దానితో ఆటలాడకూడదు. ఇక ఫ్రిజ్ లోపల 4 డిగ్రీలు, ఫ్రీజరులో మైనస్ 18 డిగ్రీలు ఉంటే చాలు. తలుపు రబ్బరు పట్టు చూడటానికి ఒక కాగితాన్ని తలుపు సందులో ఉంచి మూసి లాగండి. అడ్డం లేకుండా జారి వచ్చేస్తే చల్లదనం కూడా అలాగే జారిపోతున్నట్టు.

చవకగా వస్తుందని ఎక్కువ కొనడం గురించి నా అనుభవం అంత గొప్పగా లేదు. ఒకసారి పెద్ద సంచీ పిండి తగ్గింపు ధరకు దొరికిందని మోసుకొచ్చాను. ఆ తగ్గింపును నలుగురికీ చెప్పుకున్నాను కూడా. సంచీలో మూడోవంతు వాడేసరికి పిండిలో ఏదో కదులుతున్నట్టు కనిపించింది, జల్లెడలో పోస్తే సన్నటి గోధుమరంగు పురుగులు బారులు తీరాయి. మిగిలిన రెండు వంతులూ పారేశాం. వాడిన వంతుకు పడిన ధర లెక్క వేస్తే, చిన్న పొట్లాల్లో కొన్నదానికంటే రెట్టింపు దాటింది. సంచీలో ఎంత ఉందన్నది కాదు, పాడయ్యేలోగా మనం ఎంత తినగలమన్నది చూసుకుని కొనాలి. ఇప్పుడు పిండి తెచ్చిన వెంటనే నాలుగైదు రోజులు ఫ్రీజరులో ఉంచి, తరువాత గాలి చొరబడని డబ్బాలోకి మారుస్తున్నాం. పిండిలో ముందే ఉన్న పురుగుల గుడ్లు ఫ్రీజరు చలికి చచ్చిపోతాయి. మరొక సంగతి, పెద్ద పొట్లం ఎప్పుడూ చవక కాదు. వంద గ్రాములకు ఎంత పడుతుందో అరల మధ్య నిలబడి ఫోనులో లెక్క వేసి చూస్తే, పెద్దదాని కంటే మధ్య రకం పొట్లం తక్కువకు పడిన సందర్భాలు చాలాసార్లు కనిపించాయి. అదే ధరకు అమ్ముతూ లోపలి బరువును మెల్లగా తగ్గించడం అమ్మేవాళ్ళకు తెలిసిన విద్య, కాబట్టి ధరను కాక బరువును చదవడం కొనేవాళ్ళు నేర్చుకోవలసిన విద్య.

నీటి గురించి ఎక్కువ చెప్పను. సెకనుకు ఒక చుక్క చొప్పున కారే కుళాయి కింద ఒక గిన్నె పెట్టి చూడండి, రోజుకు ఇరవై లీటర్ల దాకా పోతుంది. దానికి కావలసినది ఒక రబ్బరు వాషరు. ఫ్లష్ ట్యాంకు అంతకంటే జిత్తులమారి, చప్పుడు లేకుండా కారుతుంది. ట్యాంకులో కాస్త వంట రంగు కలిపి, పదిహేను ఇరవై నిమిషాలు ఎవరూ ఫ్లష్ చేయకుండా ఉంచి, కింద నీళ్ళలో రంగు కనిపిస్తుందేమో చూడాలి. మాకు కనిపించింది.

బట్టల సబ్బుపొడి కొలిచే మూతలో గీత ఎక్కడ ఉందో నేను చాలాకాలం చూడనే లేదు, మూత నిండా పోసేవాణ్ణి. గీత మూతలో సగానికి కూడా లేదు. అది కంటికి ఆనదు కాబట్టి నా భార్య గోళ్ళరంగుతో దాని మీద ఎర్రగా మరో గీత గీసింది. పొడి ఎక్కువైతే బట్టలు ఎక్కువ శుభ్రపడవు. వదలని పొడి నూలులో ఉండిపోయి తువాళ్ళు గరుకెక్కుతాయి, వాటిని మెత్తబరచడానికి మళ్ళీ మరో ద్రవం కొనాల్సి వస్తుంది.

దీపాల విషయంలో మాత్రం నేను కొంచెం తలదించుకోవాలి. 60 వాట్ల పాత బల్బు ఇచ్చే వెలుగును 9 వాట్ల ఎల్‌ఈడీ ఇస్తుంది. అన్నీ మార్చాక, "ఎంత తింటుందిలే" అన్న ధీమాతో మెట్ల మీదా, పెరట్లోనూ, పుస్తకాల అలమర లోపలా కొత్త దీపాలు వెలిశాయి. 1865లోనే ఆర్థికవేత్త విలియం స్టాన్లీ జెవన్స్ బొగ్గు గురించి ఇదే చెప్పాడు. ఆవిరి యంత్రాలు తక్కువ బొగ్గుతో నడిచేలా మెరుగుపడిన కొద్దీ బొగ్గు వాడకం తగ్గకపోగా పెరిగిందని ఆయన గమనించాడు. మా అలమరలోని దీపాలు ఆయన మాటకు సాక్ష్యం.

మిగిలిన డబ్బు ఎక్కడికి పోతుందన్నది వేరే ప్రశ్న, బహుశా అసలు ప్రశ్న కూడా అదే. మొదటి మూడు నెలల్లో బిల్లులన్నీ తగ్గాయి, కానీ నెలాఖరున చేతిలో అదనంగా ఏమీ కనిపించలేదు. గ్యాస్‌లో మిగిలింది బయటి చిరుతిళ్ళలో, కరెంటులో మిగిలింది అవసరం లేని ఒక జత చెప్పుల్లో కలిసిపోయింది. చేతిలో మిగిలిన డబ్బుకు పేరు ఉండదు, పేరు లేని డబ్బు నిలవదు. జపానులో 1904లో హాని మోతోకో అనే పాత్రికేయురాలు ఇల్లాళ్ళ కోసం ఇంటి లెక్కల పుస్తకాన్ని రూపొందించింది. ఎంత వచ్చింది, ఎంత పొదుపు చేయాలి, ఎంత ఖర్చయింది అన్నవి చేత్తో రాసుకునే ఆ పద్ధతి ఇప్పటికీ అక్కడ నడుస్తోంది. నేను ఫోనులోని యాప్‌లు రెండు మూడు ప్రయత్నించి, చివరికి నోటుపుస్తకానికే తిరిగి వచ్చాను. చేత్తో అంకె రాసేటప్పుడు పడే చిన్న నొప్పి యాప్ ఇవ్వదు. ఇప్పుడు ఏ బిల్లు వచ్చినా, కిందటి ఏడాది అదే నెల బిల్లుతో పోల్చి, తగ్గినంత సొమ్మును ఆ రోజే వేరే ఖాతాలోకి పంపేస్తున్నాను. ఆ ఖాతాకు కార్డు తీసుకోలేదు.

కొన్ని పొదుపులు మానేశాను కూడా. ఖాళీ అయిన టూత్‌పేస్టు గొట్టాన్ని కత్తిరించి లోపల గీకడం ఇప్పటికీ చేస్తాను గానీ, అది తృప్తి కోసమే, దానిని పొదుపు ఖాతాలో రాయను. సందు చివర దుకాణంలో కంటే పది పైసలు తక్కువకు దొరుకుతుందని ఊరంతా తిరగడం మానేశాను. మసక వెలుగులో చదవడం మానేశాను. చార్జర్లు గోడకే వేలాడుతున్నాయి, వాటి గురించి ఇంట్లో ఎవరినీ ఏమీ అనడం లేదు.

ఈ పొద్దున గీజరు వేసి, ఇది రాస్తూ కూర్చుని మరచిపోయింది నేనే. నా భార్య స్విచ్చి ఆపి వచ్చి, ఏమీ మాట్లాడకుండా నోటుపుస్తకం నా ముందు పెట్టి వెళ్ళింది. తేదీ వేసి, దాని ఎదురుగా ఒక చార్జరు, ఒక ఏడాది అని రాశాను.